పంటి రంగు: కంటి చూపు, యంత్రం లెక్క

సావనీరులో చరిత్ర వ్యాసం అనగానే చంద్రగిరి కోట గురించో, ఆర్కాటు నవాబుల గురించో, టిప్పు కాలపు గుర్రంకొండ గురించో ఉంటుందని పాఠకులు అనుకోవడం సహజం. ఈసారి నేను ఎన్నుకున్న వస్తువు చాలా చిన్నది. మనిషి నోట్లో ఉండే పన్ను, దాని రంగు. రాజ్యాలకే చరిత్ర ఉంటుంది, పంటికేం చరిత్ర అనుకోకండి. విరిగిన పంటి స్థానంలో కొత్త పన్ను కట్టేటప్పుడు పక్క పళ్ళతో దాని రంగు కలిపేదెట్లా అనే ఒక్క ప్రశ్న వెనుక వెయ్యేళ్ళ ఆలోచన ఉంది. ఆ కథలో అరబ్బు పండితులున్నారు, అమెరికా చిత్రకారుడున్నాడు, జర్మనీ కార్ఖానా ఉంది, మన దేశానికి దంతవైద్య విద్య తెచ్చిన ఒక బెంగాలీ ముస్లిం డాక్టరున్నారు. చివరకు మన తెలుగు తాలూకాల బావినీళ్ళు కూడా ఉన్నాయి.

నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, దంతవైద్యుణ్ణి కాను. అయినా ఈ విషయం డాక్టర్లకు మాత్రమే వదిలేసేది కాదని నా అభిప్రాయం. దవడ పన్ను పోతే నమలడానికి కష్టం. ముందరి పన్ను పోతే మాట్లాడడానికి, నవ్వడానికి, నలుగురిలో నిలబడడానికి కష్టం. ఉద్యోగం ఇంటర్వ్యూకు పోయే పిల్లవాడికీ, పెండ్లి మాటలు జరుగుతున్న ఇంటి ఆడపిల్లకూ ఆ కష్టం ఏమిటో బాగా తెలుసు. పింగాణీ క్యాపు వేయించుకోవాలంటే వేల రూపాయలు కావాలి. కూలి చేసుకునే కుటుంబం ఎన్నో రోజులు కూడబెడితే గాని ఆ డబ్బు రాదు. అంత పోసి కట్టించుకున్న పన్ను పక్క పళ్ళతో కలవక సున్నపు ముక్క మాదిరి తెల్లగా తేలితే, లేని పన్ను కంటే ఉన్న పన్నే ఎక్కువ కనబడుతుంది. అందుకే ఈ చరిత్ర అందరికీ కొంతైనా తెలియాలి.

పంటికి రంగు ఎక్కడిది?

ముత్యాల వంటి పళ్ళు అని కవులు అంటారు. నిజానికి ఎవరి పన్నూ పాలంత తెల్లగా ఉండదు. పంటి పైపొర పేరు ఎనామిల్. అది మసక గాజు మాదిరి వెలుతురును కొంత లోపలికి పోనిస్తుంది. దాని కింద ఉండేది డెంటిన్. అది పసుపు ఛాయ గల పదార్థం. మన కంటికి కనబడే పంటి రంగు ఎక్కువ భాగం ఆ లోపలి డెంటిన్‌దే. చిగురు దగ్గర ఎనామిల్ పలచన కాబట్టి అక్కడ పసుపు ఎక్కువ. కొరికే అంచు దగ్గర లోపల డెంటిన్ ఉండదు కాబట్టి అక్కడ నీలి బూడిద ఛాయ తోస్తుంది. కోరపన్ను పక్క పళ్ళ కంటే కొంచెం ముదురుగా ఉంటుంది. వయసు పెరిగే కొద్దీ ఎనామిల్ అరిగి, డెంటిన్ దళసరి అయి పన్ను ఇంకా ముదురుతుంది. దీని మీద టీ, ఆకువక్క, బీడీ మరకలు వేరే.

అంటే ఒకే పంటిలో పైన ఒక రంగు, నడుమ ఒకటి, కింద ఒకటి ఉంటాయన్న మాట. దీనికి తోడు మరొక చిక్కు ఉంది. పన్ను ఎప్పుడూ ఎంగిలి తడిలో ఉండవలసిన వస్తువు. నోరు తెరిచి కూర్చుంటే కొద్ది నిమిషాల్లోనే ఎనామిల్ ఆరిపోయి పన్ను అసలు కంటే తెల్లగా కనబడుతుంది. ఆ స్థితిలో రంగు ఎంచితే కొత్త పన్ను తెల్లనిది వస్తుంది. మరునాటికి నోటి పళ్ళు తడిసి తమ రంగుకు తాము వస్తాయి, కొత్తది మాత్రం తెల్లగానే నిలబడిపోతుంది.

అరబ్బు పండితుల కాలంలో

పళ్ళు బాగు చేసే విద్య పాతదే. స్పెయిన్ దేశపు కొర్దోబాలో 936 నుంచి 1013 వరకు జీవించిన అబుల్ ఖాసిం జహ్రావీ తన 'కితాబుత్ తస్రీఫ్' అనే మహాగ్రంథంలో శస్త్రచికిత్సకు ఒక పెద్ద భాగం కేటాయించాడు. పంటి మీద పేరుకున్న గారను గీకే పరికరాలకు అందులో బొమ్మలు వేసి చూపాడు. కదిలే పళ్ళను బంగారు తీగతో పక్క పళ్ళకు కట్టే పద్ధతి చెప్పాడు. ఊడిన పంటి స్థానంలో ఎద్దు ఎముకతో పన్ను చెక్కి పెట్టవచ్చునన్నాడు. ఎముకతో చెక్కిన పన్ను ఎముక రంగులోనే ఉంటుంది గదా! రంగు కలవాలనే కోరిక ఆ రోజుల్లో చాలా దూరపు మాట.

అయితే రంగు గురించి ఆలోచన మాత్రం ఆ కాలంలోనే మొదలైంది. బస్రాలో 965 ప్రాంతంలో పుట్టి కైరోలో 1040 ప్రాంతంలో చనిపోయిన ఇబ్నుల్ హైతం 'కితాబుల్ మనాజిర్' అనే ఏడు భాగాల గ్రంథం రాశాడు. వస్తువు నుంచి వెలుతురు వచ్చి కంట్లో పడితేనే చూపు అని ఆయన నిరూపించాడు. ఒకే వస్తువు రంగు గట్టి వెలుతురులో ఒక విధంగా, బలహీనమైన వెలుతురులో మరొక విధంగా కనబడుతుందని చెప్పాడు. పక్కన ఉన్న రంగును బట్టి కూడా చూపు మారుతుందని, రంగులు పూసిన బొంగరం వేగంగా తిరిగితే అవి కలిసిపోయి ఒకే రంగుగా తోస్తాయని గమనించాడు. కన్ను చూసేదంతా ఉన్నది ఉన్నట్టు కాదు, చూపులో వెలుతురుకూ మనసుకూ కూడా వాటా ఉందని ఆయన తేల్చిన సంగతి.

మన ఆడవాళ్ళకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. తిరుపతి గాంధీ రోడ్డులో చీరకు జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు ఏం చేస్తారు? అంగడిలో ట్యూబులైటు కింద రెండూ కలిశాయని అంగడివాడు ఎంత చెప్పినా నమ్మరు. గుడ్డ, చీర రెండూ పట్టుకొని వాకిట్లోకి వచ్చి ఎండ వెలుతురులో చూస్తారు. లోపల కలిసిన రంగు బయట విడిపోవడం ఎన్నిసార్లు చూడలేదు? రెండు వేర్వేరు అద్దకాలు ఒక దీపం కింద ఒకటిగా కనబడి మరో దీపం కింద వేరుపడడాన్ని శాస్త్రంలో మెటామెరిజం అంటారు. పంటి ఎనామిల్ ఒక పదార్థం, పింగాణీ మరొక పదార్థం. కాబట్టి ఈ మోసం పంటికీ తప్పదు.

నా దగ్గర చదివి ఇంటర్మీడియెట్‌కు పోయిన ఒక అమ్మాయి సైకిలు మీద నుంచి పడి ముందరి పన్ను విరగ్గొట్టుకుంది. ఒకచోట క్యాపు వేయించారు. రాత్రి పూట, ట్యూబులైటు వెలుతురులో, పని అంతా అయి నోరు ఎండిపోయిన తరువాత రంగు ఎంచారట. సిమెంటు పెట్టి అతికించిన మరునాడు ఎండలో చూసుకుంటే ఆ ఒక్క పన్ను నీలిపాటి తెలుపుతో తేలిపోయింది. ఆ పిల్ల క్లాసులో లేచి జవాబు చెప్పడం మానేసింది, మాట్లాడితే దుపట్టా నోటికి అడ్డం పెట్టుకునేది. ఆరు నెలల తరువాత తండ్రి మళ్ళీ అప్పు చేసి వేరే డాక్టరు దగ్గర పగటి వెలుతురులో రంగు చూపించి ఇంకొక క్యాపు వేయించాడు. రెండుసార్లు డబ్బు, ఆరు నెలల మౌనం. ఇదంతా పళ్ళు బాగు చేయడం చేతకాక జరిగింది కాదు. రంగు ఎంచిన పద్ధతిలో వచ్చిన తేడా.

బోస్టన్ నుంచి కలకత్తాకు

కలిసింది, కలవలేదు అని వాదించుకోవడం కాకుండా రంగుకు కొలత పెట్టవచ్చునని మొదట గట్టిగా పనిచేసినవారిలో ఆల్బర్ట్ మన్సెల్ ఒకడు. ఆయన అమెరికాలో బోస్టన్ నగరపు చిత్రకారుడు, చిత్రకళ నేర్పే పంతులు. పిల్లలకు రంగులు నేర్పడానికి సరైన పేర్లు లేవని బాధపడి 1905లో ఒక పుస్తకం వేశాడు. ఆయన లెక్కలో ప్రతి రంగుకూ మూడు గుణాలు. మొదటిది వర్ణం, అంటే ఎరుపా, పసుపా, నీలమా అనేది. రెండవది వెలుగు, అంటే నలుపుకు దగ్గరా, తెలుపుకు దగ్గరా అనేది. మూడవది గాఢత, అంటే పలచనా, చిక్కనా అనేది. చాయ్ తీసుకోండి. చాయ్ రంగు అని మనం అనేది వర్ణం. డికాక్షన్ చిక్కగా పడితే గాఢత పెరుగుతుంది. పాలు ఎక్కువ పోస్తే వెలుగు పెరుగుతుంది. ఈ మూడింటికీ అంకెలు వేస్తే ప్రపంచంలో ఏ రంగునైనా ఉత్తరంలో రాసి పంపవచ్చునని మన్సెల్ ఆలోచన.

మన్సెల్ 1918లో చనిపోయాడు. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే అదే బోస్టన్‌లో, పిల్లల పళ్ళకు వైద్యం చేసే ఫోర్సైత్ ఆసుపత్రిలో, మన దేశపు యువకుడొకరు పని చేస్తుండేవారు. ఆయనే డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాల్‌లో పుట్టారు. అలీగఢ్‌లో చదివి, అమెరికా పోయి 1915లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి దంతవైద్య పట్టా పుచ్చుకున్నారు. బోస్టన్‌లో 1918 దాకా పని చేసి, 1919లో స్వదేశానికి తిరిగి వచ్చి, 1920లో కలకత్తాలో దేశపు తొలి దంతవైద్య కళాశాల పెట్టారు. ప్రభుత్వ సహాయం లేదు. న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే పేరుతో అంగడి నడిపి ఆ రాబడితో కళాశాలను నిలబెట్టుకొచ్చారు. 1925లో పత్రిక ప్రారంభించారు, 1928లో విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకం రాశారు. 1948 నాటి దంతవైద్యుల చట్టం రావడానికి పాటుపడిన వారిలో ముఖ్యులు. 1949లో తన కళాశాలను ప్రభుత్వానికి ఇచ్చేశారు. 1964లో పద్మభూషణ్ వచ్చింది, 1965లో కన్నుమూశారు. ఆ కళాశాల నేటికీ ఆయన పేరుతోనే ఉంది. ఆయన పుట్టిన రోజును మన దేశంలో దంతవైద్యుల దినంగా జరుపుకుంటున్నారు.

ఆయన వేసిన బాట దక్షిణానికి మెల్లగా వచ్చింది. మద్రాసులో 1953లో, హైదరాబాదులో 1959లో ప్రభుత్వ దంతవైద్య విద్య మొదలైంది. నేడు కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది, మన తిరుపతిలో సి.కె.ఎస్. తేజ దంతవైద్య కళాశాల ఉంది. ఒకప్పుడు చిత్తూరు జిల్లావాసి మంచి పన్ను కట్టించుకోవాలంటే రైలెక్కి మద్రాసు పోవలసిన స్థితి.

1931: రెండు పనులు ఒకే ఏట

పంటి రంగు చరిత్రలో 1931 గుర్తుపెట్టుకోవలసిన సంవత్సరం. ఆ ఏడు అమెరికా దంతవైద్యుడు బ్రూస్ క్లార్క్ మన్సెల్ లెక్కను పంటికి తెచ్చాడు. పంటి రంగును ఊరికే 'తెలుపు', 'పసుపు' అనడం చాలదు, వర్ణం, వెలుగు, గాఢత మూడూ రాయాలని ఆయన వాదన. దంతవైద్యులు ఆ మాటను వెంటనే పట్టించుకోలేదు.

అదే 1931లో సి.ఐ.ఇ. అనే అంతర్జాతీయ వెలుతురు సంఘం 'ప్రమాణ వీక్షకుడు' అనే లెక్కను ఆమోదించింది. ఇంగ్లండులో డేవిడ్ రైట్ పది మంది చేత, జాన్ గిల్డ్ ఏడుగురి చేత రంగు దీపాలను కలిపి చూపించి రాసుకున్న ఫలితాల సగటే ఈ వీక్షకుడు. అంటే మొత్తం 17 మంది మనుషుల కళ్ళు. ఈ రోజు వరకూ రంగు కొలిచే యంత్రాల గణితానికి ఆ లెక్కే మూలం. యంత్రం కంటికి శత్రువు అనుకునేవారు ఈ సంగతి మరచిపోరాదు. యంత్రం లోపల ఉన్నది కూడా మనుషుల చూపే, కాకపోతే అంకెలుగా మారి కూర్చుంది. 1976లో అదే సంఘం ల్యాబ్ అనే కొత్త కొలమానం ఇచ్చింది. అందులో రెండు రంగుల మధ్య తేడాను ఒకే అంకెతో చెప్పవచ్చు. దాన్ని డెల్టా ఈ అంటారు.

తెలుగు పళ్ళ మీద పసుపు చారలు

ఈ నడుమ మన ప్రాంతంలో జరిగిన ఒక ముఖ్య విషయం చెప్పాలి. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల ప్రజలను పరీక్షించి ఒక పరిశోధన ప్రకటించారు. అక్కడి వారి పళ్ళ మీద సుద్ద మచ్చలు, గోధుమ చారలు ఉన్నాయని, పెద్దవారికి వెన్ను, కీళ్ళు బిగుసుకుపోతున్నాయని, దీనికంతటికీ కారణం తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్ అని చెప్పారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి శాస్త్రీయ నివేదిక అదే. ఆ తాలూకాలు 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో, అంటే తరువాతి ప్రకాశంలో, చేరాయి. అమెరికాలో కొలరాడో ప్రాంతపు గోధుమ పళ్ళకు ఫ్లోరైడే కారణమని తేలింది 1931లోనే. ఆరేళ్ళలో ఆ జ్ఞానం తెలుగు పల్లెల దాకా వచ్చిందన్న మాట.

నల్లగొండ బాధ అందరికీ తెలిసిందే. మన రాయలసీమలోనూ అనంతపురం మొదలుకొని చాలా పల్లెల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చిన్నతనంలో, పన్ను దవడ లోపల తయారయ్యే వయసులో, ఆ నీళ్ళు తాగితేనే ఈ చారలు పడతాయి. తోముకోవడంతో పోవు. పల్లె పిల్లల పళ్ళు చూసి 'శుభ్రం లేదు' అని కసిరే పెద్దలు, నా తోటి ఉపాధ్యాయులతో సహా, ఇది తెలుసుకోవాలి.

రంగు కలపడానికి ఇదే అన్నిటికంటే కష్టమైన పన్ను. జర్మనీలో చేసిన రంగు పలకల మీద ఇలాంటి చారలు ఉండవు. చారల పంటి పక్కన శుభ్రమైన ఏకరంగు పన్ను పెడితే అదే పరాయిదిగా కనబడుతుంది.

పదహారు పలకలు

జర్మనీలో 1924లో మొదలైన వీటా కంపెనీ పింగాణీ పళ్ళు తయారు చేసేది. 1956లో ఆ కంపెనీ ఒక రంగు పలకల గుత్తి తెచ్చింది. పంటి ఆకారంలో 16 చిన్న పింగాణీ ముక్కలు, ఒక్కొక్కదానికి పుల్ల వంటి పిడి. ఏ వరుస ఎరుపు గోధుమ, బి వరుస ఎరుపు పసుపు, సి వరుస బూడిద, డి వరుస ఎరుపు బూడిద. ఏ1 తేలిక, ఏ4 ముదురు. దీన్నే షేడ్ గైడు అంటారు. మీరు పంటి డాక్టరు దగ్గర అద్దం ముందు కూర్చున్నప్పుడు పెదవి పక్కన ఒక్కొక్కటే ఆనించి చూసేది దీన్నే. 'ఏ2' అని ఒక్క మాట రాసి పంపితే దూరాన ఉన్న ల్యాబులో టెక్నీషియన్ రోగి ముఖం చూడకుండానే పన్ను చేయగలడు. దీనివల్ల జరిగిన మేలు చెప్పలేనిది.

లోపాలు కూడా ఉన్నాయి. 1973లో అమెరికా వైద్యుడు రాబర్ట్ స్ప్రౌల్ ఈ విషయం మీద వరుస వ్యాసాలు రాశాడు. పలకల మధ్య దూరాలు సమానంగా లేవని, మనుషుల పళ్ళ రంగులన్నీ వాటిలో ఇమడవని, దంతవైద్యులకు రంగు శాస్త్రం నేర్పడం లేదని ఎత్తిచూపాడు. క్లార్క్ 1931లో అన్నదే మళ్ళీ అన్నాడని చెప్పవచ్చు. ఆ విమర్శలకు జవాబుగా వీటా కంపెనీయే 1998లో 26 పలకల కొత్త గుత్తి తెచ్చింది. అందులో ముందు వెలుగు ఎంచాలి, తరువాత గాఢత, చివరికి వర్ణం. ఇది తెలివైన వరుస. ఎందుకంటే మన కన్ను వెలుగులో తేడాను చప్పున పడుతుంది. పంటి వెలుగు తప్పితే ఎదురుగా వచ్చే మనిషి దూరం నుంచే గుర్తిస్తాడు, వర్ణం కొద్దిగా తప్పితే ఎవరికీ తెలియకపోవచ్చు.

పలకతో ఎంచేవారి కంటికి కూడా హద్దులున్నాయి. ఒకే పన్నును ఆపకుండా చూస్తుంటే కన్ను అలసి తేడాలు మాయమవుతాయి. అందుకే కొద్ది సెకండ్లు చూసి, బూడిద రంగు కాగితం మీదికి చూపు తిప్పి, మళ్ళీ చూడమంటారు. మగవారిలో కొందరికి పుట్టుకతోనే ఎరుపు, పచ్చ సరిగా తెలియవు. ఆడవారిలో అది బహు అరుదు. రోగి మీద ముదురు ఎరుపు దుపట్టా ఉన్నా, పెదవులకు రంగు ఉన్నా పంటి చూపు మారిపోతుంది. ఇబ్నుల్ హైతం చెప్పిన పక్క రంగు ప్రభావమే ఇది.

యంత్రం వచ్చింది

1980ల మొదట్లో క్రోమాస్కాన్ అనే పరికరం వచ్చి ఎక్కువ రోజులు నిలబడలేదు. 1990ల చివరలో జపాను షోఫూ కంపెనీ పరికరం, 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో వీటా వారి ఈజీషేడ్ వచ్చాయి. తరువాతి పరికరాన్ని స్పెక్ట్రోఫోటోమీటరు అంటారు. లావుపాటి పెన్ను వంటి దాని మొనను పంటికి ఆనిస్తే అది తన సొంత దీపం వెలుతురును పంటిలోకి పంపుతుంది. తిరిగి వచ్చిన వెలుతురులో ఏ రంగు పాలు ఎంత ఉందో విడదీసి లెక్కకట్టి 'ఏ3' అనో మరొకటో తెరమీద చూపుతుంది. గదిలో ట్యూబులైటు ఉందా, ఎండ ఉందా అనేదానితో దానికి పని లేదు. సాయంత్రం అయిదు గంటలకు డాక్టరు కళ్ళు అలసిపోతాయి, యంత్రం అలసిపోదు.

కన్ను మేలా, యంత్రం మేలా అని పరీక్షించిన వారున్నారు. 2002లో జ్యూరిచ్ పరిశోధకులు 30 మంది ముందరి పళ్ళను ముగ్గురు పరీక్షకుల చేత విడివిడిగా చూపించారు. ముగ్గురూ కంటితో ఒకే పలక ఎంచింది 26.6 శాతం సందర్భాల్లోనే. యంత్రంతో కొలిచినప్పుడు మూడు కొలతలూ ఒకటైనవి 83.3 శాతం. నాలుగింట మూడుసార్లు అనుభవజ్ఞుల కళ్ళకే పొత్తు కుదరలేదంటే ఆలోచించవలసిన విషయం కాదా?

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గమనించాలి. మూడుసార్లూ ఒకే జవాబు రావడం వేరు, ఆ జవాబు సరైనది కావడం వేరు. మన జిల్లాలో పాడి ఉన్న ప్రతి ఇంటికీ ఈ తేడా తెలుసు. వెనక పాల చిక్కదనం చేతివేళ్ళతో చూసి ధర కట్టేవారు. కొనేవాడి మాటే వేదం, పోసేవాడిది నోరు మూసుకునే బతుకు. ఫ్యాట్ మిషన్ వచ్చాక ఆ ఇష్టారాజ్యం తగ్గింది. కాని మిషన్ సరిగా కడగకపోయినా, సరిచూడకపోయినా ఊరందరికీ ఒకే తప్పు లెక్క చూపుతుంది. పంటి యంత్రం కూడా అంతే. వాడే ముందు దాని తెల్ల బిళ్ళ మీద పెట్టి సరిచూసుకోవాలి. మొన పంటి నడుమ నిటారుగా ఆనాలి, కొంచెం వాలినా లెక్క మారుతుంది. పన్ను వంపుగా ఉండి వెలుతురును లోపలికి తాగే వస్తువు కాబట్టి, పంపిన వెలుతురు కొంత పక్కలకు పోయి తిరిగి రాదు. అందువల్ల పన్ను అసలు కంటే ముదురుగా లెక్కకు రావచ్చు. చారల పంటి మీద తెల్ల మచ్చను, గోధుమ గీతను కలిపి సగటు చేసి రెండింటికీ చెందని ఒక రంగు చెబుతుంది. అక్కడ ఫోటో, డాక్టరు గీసిన పటం, టెక్నీషియన్ చేతి పనితనం తప్ప దిక్కు లేదు.

తేడా ఎంతవరకు ఉండవచ్చు అనే ప్రశ్నకు జవాబు చెప్పింది కూడా మనుషుల కళ్ళే. 2015లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధనలో డెల్టా ఈ 1.2 దగ్గర సగం మందికి తేడా కనబడుతుందని, 2.7 దగ్గర సగం మంది ఆ తేడాను ఒప్పుకోలేకపోతున్నారని తేలింది. యంత్రం తేడాను కొలుస్తుంది, అది చాలునా చాలదా అని తీర్పు చెప్పేది మనిషే. ఇప్పుడు నోట్లో తిప్పే స్కానర్లు కొన్ని పంటి ఆకారంతో పాటు రంగు కూడా చెబుతున్నాయి. పక్కన బూడిద కార్డు పెట్టి తీసిన కెమెరా ఫోటోలను ల్యాబుకు పంపే డాక్టర్లున్నారు. ఇవన్నీ వచ్చినా షేడ్ గైడు బల్ల మీది నుంచి పోలేదు. యంత్రం ఒక అంకె చెప్పగానే ఆ పలక తీసి పంటి పక్కన పెట్టి కంటితో సరిచూసుకోవడమే మంచి పద్ధతి.

మనం అడగవలసినవి

ఈ చరిత్ర అంతా చదివిన వారికి కొన్ని మనవులు. ముందరి పన్ను కట్టించుకోవడానికి పోయేటప్పుడు వీలైతే పగటి పూట పోండి. ఆకువక్క నమిలి పోవద్దు, పెదవి రంగు తుడుచుకోండి. మెడ చుట్టూ ముదురు గుడ్డ ఉంటే దాని మీద బూడిద రంగు గుడ్డ కప్పమని అడగండి. పన్ను అరగదీయక ముందే, మత్తు సూది వేయక ముందే, నోరు తడిగా ఉన్నప్పుడే రంగు ఎంచమని చెప్పండి. డాక్టరుతో పాటు అక్కడి నర్సమ్మ, వెంట వచ్చిన అక్కో చెల్లెలో కూడా చూడవచ్చు. యంత్రం లేదని చిన్నబోవద్దు, ఉందని చెప్పి ఎక్కువ తీసుకుంటే ఏం కొలిచారో అడగడానికి వెనకాడవద్దు.

అన్నింటికంటే ముఖ్యమైనది ఒకటి. క్యాపు సిమెంటుతో అతికించక ముందు ఊరికే తొడిగి చూపమనండి. చేతిలో అద్దం పట్టుకొని కిటికీ దగ్గరికి, కుదిరితే వాకిట్లోకి, రండి. పెదవి కదిలించి, నవ్వి, మాట్లాడి చూసుకోండి. నచ్చకపోతే అప్పుడే చెప్పండి. అప్పుడైతే ల్యాబుకు తిరిగి పంపవచ్చు, అతికిన తరువాత పగలగొట్టి తీయాలి, ఖర్చు మళ్ళీ మొదటికి వస్తుంది. మంచి డాక్టరెవరూ దీనికి విసుక్కోరు. మన పేదవారు, ముఖ్యంగా ఆడపిల్లలు, డాక్టరు ముందు నోరు తెరుస్తారు గాని నోరు విప్పరు. నాలుగు వందల రూపాయల చీరను ఎండలో పెట్టి చూసి కొనేవాళ్ళం, వేల రూపాయల పన్నును, బతికినంత కాలం ముఖాన ఉండేదాన్ని, ట్యూబులైటు కింద తల ఊపి తెచ్చుకోవడం ఏమి న్యాయం?

మన సొసైటీ కుటుంబాల్లో సైన్సు చదువుతున్న పిల్లలకు కూడా ఒక మాట. రఫీయుద్దీన్ సాహెబు సోడా అమ్మిన డబ్బుతో కళాశాల నడిపి ఈ దేశానికి దంతవైద్యం నేర్పారు. డాక్టరు కావడానికి మార్కులు చాలని పిల్లలు నిరాశ పడనక్కరలేదు. పంటి రంగు కలిపే పనిలో ల్యాబు టెక్నీషియన్ చేయి డాక్టరు చేతితో సమానం. పింగాణీ పొడి కలిపి, పొర మీద పొర వేసి, కొలిమిలో కాల్చి, చిగురు దగ్గర పసుపు, అంచు దగ్గర నీలిఛాయ తెచ్చే ఆ పనికి మంచి కన్ను, ఓపిక కావాలి. మన ఫ్లోరైడ్ పల్లెల చారల పన్నుకు జర్మనీలో పలక తయారు కాలేదు. దాన్ని చూసి చూసి అలవాటైన కళ్ళు మన పిల్లలవే. ఆ పనిని వాళ్ళు నేర్చుకొని పైకి రావాలని కోరుతూ ముగిస్తున్నాను.